జావాస్క్రిప్ట్‌లో కావలసిన బటన్ మీది క్లిక్‌ని సరిగ్గా పట్టుకోవడం ఎలా?

పేజీలో ఎక్కడ నొక్కినా బ్రౌజర్‌కు తెలుస్తుంది. ఆ క్లిక్ ఏ బటన్‌ది, ఏ వరుసలోది, దానికి ఏం చేయాలి అనేది మాత్రం మనమే చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది ప్రతి బటన్‌కీ ఒక ఫంక్షన్ తగిలించుకుంటూ పోతారు. బటన్లు మూడో నాలుగో ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ ఉండదు. పేజీ పెరిగి, వరుసలు వస్తూ పోతూ ఉన్నప్పుడే టెన్షన్ మొదలవుతుంది. ప్రతి బటన్‌కీ కాకుండా వాటన్నిటినీ చుట్టి ఉన్న పెద్ద ఎలిమెంట్‌కి ఒక్క లిజనర్ (క్లిక్ లాంటి ఈవెంట్ జరిగినప్పుడు నడిచే ఫంక్షన్) పెట్టి, ఏది నొక్కారో అక్కడే విచారించడం మేలని నా గట్టి నమ్మకం. అక్కడిదాకా ఎలా వెళ్లాలో మెట్టు మెట్టుగా చూద్దాం.

ఒక నిజమైన పేజీని మనసులో పెట్టుకుందాం. ఆన్‌లైన్ పచ్చళ్ల కొట్టు, అందులో కార్ట్ పేజీ. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిరప, ఒక్కోటీ ఒక్కో వరుస. ప్రతి వరుసలో ప్లస్ బటన్, మైనస్ బటన్, చెత్తబుట్ట బొమ్మ ఉన్న డిలీట్ బటన్. ఎన్ని వరుసలుంటాయో ముందుగా తెలియదు, కొనేవాళ్ల ఇష్టం.

ఆజ్ఞల పేర్లన్నీ మనం పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి టైప్ చేయాలి. మొదటి మాట చిన్న అక్షరంతో, తర్వాతి ప్రతి మాటా పెద్ద అక్షరంతో మొదలవుతుంది. క్వెరీ సెలెక్టర్, యాడ్ ఈవెంట్ లిజనర్ లాంటివన్నీ ఇదే పద్ధతి. ఆన్‌క్లిక్, ఫోకస్ ఇన్, టచ్ స్టార్ట్ లాంటి ఈవెంట్ పేర్లు మాత్రం పూర్తిగా చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. నంబర్, అబార్ట్ కంట్రోలర్‌లకి మొదటి అక్షరం కూడా పెద్దదే.

మొదటి మెట్టు: ఎలిమెంట్‌ని చేతిలోకి తీసుకోవడం

డాక్యుమెంట్ డాట్ క్వెరీ సెలెక్టర్ అని రాసి, బ్రాకెట్లలో సీఎస్‌ఎస్ సెలెక్టర్ ఇవ్వండి. ఐడీ అయితే ముందు హ్యాష్ గుర్తు, క్లాస్ అయితే ముందు చుక్క. దానికి సరిపోయే మొదటి ఎలిమెంట్ మీ చేతికి వస్తుంది. ఏదీ లేకపోతే నల్ వస్తుంది, అంటే ‘ఏమీ లేదు’ అని.

ఆ నల్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో ఎర్రగా ‘కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్’ అని కనబడుతుంది. సెలెక్టర్‌లో స్పెల్లింగ్ తప్పైనా అయి ఉండాలి, లేదా పేజీలో ఆ ఎలిమెంట్ తయారవకముందే స్క్రిప్ట్ నడిచైనా ఉండాలి. రెండోదే ఎక్కువ. స్క్రిప్ట్ ట్యాగ్‌ని హెడ్‌లో పెడితే, బ్రౌజర్ పైనుంచి చదువుకుంటూ వచ్చి, బాడీని చూడకముందే దాన్ని నడిపేస్తుంది. బయటి ఫైల్‌ని పిలిచే స్క్రిప్ట్ ట్యాగ్‌లో డిఫర్ అనే ఒక్క మాట చేర్చండి, పేజీ అంతా చదివాకే స్క్రిప్ట్ నడుస్తుంది. టైప్ మాడ్యూల్ అని ఇచ్చిన స్క్రిప్ట్‌లకు ఇది దానంతట అదే వర్తిస్తుంది.

రెండో మెట్టు: లిజనర్ తగిలించడం

ఎలిమెంట్ పేరు, డాట్, యాడ్ ఈవెంట్ లిజనర్. బ్రాకెట్లలో మొదట కొటేషన్ల మధ్య క్లిక్ అన్న మాట, తర్వాత కామా, తర్వాత ఫంక్షన్. ‘ఆన్ క్లిక్’ అని కాదు, ఉత్త ‘క్లిక్’ అని మాత్రమే.

ఫంక్షన్‌ని విడిగా రాసి పేరు మాత్రం ఇస్తున్నట్టయితే, ఆ పేరు పక్కన బ్రాకెట్లు పెట్టకండి. పెడితే ఫంక్షన్ అప్పటికప్పుడే నడిచిపోతుంది, అది తిరిగి ఇచ్చిన విలువ లిజనర్ స్థానంలోకి వెళ్తుంది. పేజీ తెరవగానే ఎవరూ నొక్కకుండానే ఆవకాయ సీసా కార్ట్‌లోకి వచ్చి పడి, ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగడం లేదంటే, ఆ బ్రాకెట్లే కారణం.

హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌లోనే ఆన్‌క్లిక్ అని రాసే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. అయినా వద్దంటాను. అలా పిలిచే ఫంక్షన్ గ్లోబల్‌గా, అంటే పేజీలో ఎక్కడినుంచైనా కనబడేలా ఉండాలి. స్క్రిప్ట్‌ని మాడ్యూల్‌గా మార్చిన రోజున ఆ ఫంక్షన్ కనబడటం మానేస్తుంది. భద్రత కోసం కంటెంట్ సెక్యూరిటీ పాలసీ గట్టిగా పెట్టిన సైట్లలో బ్రౌజర్ దాన్ని నడపనే నడపదు. ఇక స్క్రిప్ట్‌లో ఎలిమెంట్ డాట్ ఆన్‌క్లిక్ అని రాస్తే ఒక్క ఫంక్షన్‌కే చోటు. రెండోది పెడితే మొదటిది పోతుంది. యాడ్ ఈవెంట్ లిజనర్‌కి ఈ బాధలేవీ లేవు.

బటన్లు ఎక్కువైనప్పుడు

క్వెరీ సెలెక్టర్ మొదటి ఎలిమెంట్‌ని ఒక్కదాన్నే ఇస్తుంది. డిలీట్ బటన్లన్నీ కావాలంటే క్వెరీ సెలెక్టర్ ఆల్ వాడాలి. అది ఇచ్చేది జాబితా. జాబితాకి నేరుగా లిజనర్ తగిలించలేరు, ఫర్ ఈచ్‌తో ఒక్కొక్క బటన్ దగ్గరికీ వెళ్లి తగిలించాలి.

ఇది పనిచేస్తుంది. ఎప్పటికీ మారని నాలుగు మెనూ బటన్లుంటే ఇదే చాలు, అంతకు మించి ఆలోచించక్కర్లేదు. మన కార్ట్ పేజీ అలాంటిది కాదు. పేజీ తెరిచినప్పుడు మూడు వరుసలున్నాయి, మూడు డిలీట్ బటన్లకీ లిజనర్లు తగిలాయి. తర్వాత కొనేవాళ్లు గోంగూర కలిపారు, నాలుగో వరుస వచ్చింది. దాని డిలీట్ బటన్ చూడటానికి మిగతావాటిలాగే ఉంటుంది, నొక్కితే మాత్రం ఉలకదు పలకదు. ఫర్ ఈచ్ నడిచినప్పుడు ఆ బటన్ పుట్టనేలేదు మరి. దీనికి విరుగుడుగా కొందరు వరుస కలిపిన ప్రతిసారీ ఫర్ ఈచ్‌ని మళ్లీ నడుపుతారు. అందులో రాసిన ఫంక్షన్ ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది కాబట్టి పాత బటన్లకి రెండో లిజనర్, మూడో లిజనర్ పడతాయి. ప్లస్ ఒక్కసారి నొక్కితే అంకె మూడు పెరుగుతుంది.

ఒక్క లిజనర్, అన్ని బటన్లకీ

అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్ ముందూ ఒక వాచ్‌మన్‌ని పెట్టం కదా. గేటు దగ్గర ఒకరుంటారు, వచ్చినవాళ్లని ‘ఎవరింటికి?’ అని అడిగి పంపుతారు. ఇక్కడ చేసేదీ అదే. వరుసలన్నీ ఉన్న యూఎల్ ఎలిమెంట్‌కి ఒకే ఒక్క క్లిక్ లిజనర్ పెడతాం. దీన్నే ఈవెంట్ డెలిగేషన్ అంటారు.

ఇది కుదరడానికి కారణం బబ్లింగ్. బటన్ మీద నొక్కితే ఆ క్లిక్ బటన్ దగ్గరే ఆగిపోదు. బటన్ నుంచి దాని వరుసకి, వరుస నుంచి యూఎల్‌కి, అక్కణ్ణుంచి బాడీకి, చివరికి డాక్యుమెంట్ దాకా, ఇంకా పైన విండో దాకా పాకుతుంది. దారిలో ఎక్కడ లిజనర్ ఉంటే అక్కడ అది నడుస్తుంది. గోంగూర వరుస ఎప్పుడు వచ్చినా యూఎల్ లోపలే ఉంటుంది, కాబట్టి దాని క్లిక్ కూడా యూఎల్ మీదుగానే పైకి వెళ్లాలి.

దీని వెనకాల పాత కథ ఒకటుంది. 1990ల చివర్లో నెట్‌స్కేప్ బ్రౌజర్ ఈవెంట్‌ని పైనుంచి కిందికి పంపేది, మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కిందినుంచి పైకి పంపేది. 2000 నవంబర్‌లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖరారు చేసిన డామ్ లెవెల్ 2 ఈవెంట్స్ ప్రమాణం రెండింటినీ కలిపేసింది. ముందు పైనుంచి కిందికి దిగే క్యాప్చరింగ్, తర్వాత కిందినుంచి పైకి ఎక్కే బబ్లింగ్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ యాడ్ ఈవెంట్ లిజనర్‌ని నేర్చుకున్నది 2011లో, 9వ వెర్షన్‌తో. అంతకు ముందు దానికోసం ప్రత్యేకంగా అటాచ్ ఈవెంట్ అని రాయాల్సి వచ్చేది. పాత కోడ్‌లో ఆ పేరు కనిపిస్తే నిర్భయంగా తీసేయండి.

అన్ని ఈవెంట్లూ ఇలా పైకి పాకవు. ఫోకస్, బ్లర్, మౌస్ ఎంటర్, మౌస్ లీవ్ పాకవు. ఫోకస్‌కి ఈ పద్ధతి కావాలంటే ఫోకస్ ఇన్ అనే ఈవెంట్ వాడాలి. క్లిక్ పాకుతుంది, ప్రస్తుతానికి మనకి అది చాలు.

ఏది నొక్కారో కనిపెట్టడం

అసలు పని ఇక్కడుంది. కాస్త నిదానంగా చదవండి.

లిజనర్ నడిచినప్పుడు బ్రౌజర్ మీ ఫంక్షన్‌కి ఒక ఈవెంట్ ఆబ్జెక్ట్ ఇస్తుంది. అందులో రెండు సంగతులు చూడాలి. ఈవెంట్ డాట్ టార్గెట్ అంటే వేలు పడ్డ చోట అన్నిటికన్నా లోపల ఉన్న ఎలిమెంట్. ఈవెంట్ డాట్ కరెంట్ టార్గెట్ అంటే మీరు లిజనర్ తగిలించిన ఎలిమెంట్, మన విషయంలో యూఎల్.

కాబట్టి టార్గెట్‌ని చూసి, అది డిలీట్ బటనేనా అని అడిగితే సరిపోతుందని అనిపిస్తుంది. ఒకసారి నిజంగా ప్రయత్నించి చూడండి. ఫంక్షన్‌లో మొదటి లైన్‌గా కన్సోల్ డాట్ లాగ్‌తో ఈవెంట్ డాట్ టార్గెట్‌ని ప్రింట్ చేయించి, చెత్తబుట్ట బొమ్మ సరిగ్గా మధ్యలో నొక్కండి. కన్సోల్‌లో బటన్ కనబడదు. బొమ్మని గీసే ఎస్‌వీజీ ట్యాగ్ అనో, దాని లోపల ఉండే పాత్ అనో కనబడుతుంది. ఇప్పుడు అదే బటన్ అంచున, బొమ్మకీ గీతకీ మధ్య ఖాళీలో నొక్కండి. ఈసారి బటన్ అని వస్తుంది. అంచున నొక్కితే పనిచేసి బొమ్మ మీద నొక్కితే పనిచేయని బటన్లు వెబ్‌లో చాలాచోట్ల కనిపించేది ఇందుకే. రాసినవాళ్ల మౌస్ అంచున పడి ఉంటుంది, వాడేవాళ్ల వేలు బొమ్మ మీద పడుతుంది.

దీనికి మందు క్లోజెస్ట్ అనే మెథడ్. ఈవెంట్ డాట్ టార్గెట్ డాట్ క్లోజెస్ట్ అని రాసి, బ్రాకెట్లలో సెలెక్టర్ ఇవ్వండి. నొక్కిన ఎలిమెంట్‌తోనే మొదలుపెట్టి, సరిపోయేది దొరికేదాకా ఒక్కో మెట్టూ పైకి వెళ్లి వెతుకుతుంది. పాత్ నుంచి ఎస్‌వీజీకి, ఎస్‌వీజీ నుంచి బటన్‌కి. దొరికితే ఆ బటన్‌ని ఇస్తుంది, దొరక్కపోతే నల్. నల్ వస్తే నొక్కింది బటన్ కాదు, ఖాళీ చోటో పచ్చడి పేరో అయి ఉంటుంది. వెంటనే రిటర్న్ రాసి బయటికి వచ్చేయండి.

ఒక జాగ్రత్త. క్లోజెస్ట్ పైకి వెళ్తూ వెళ్తూ మీ యూఎల్‌ని కూడా దాటిపోగలదు. బయట ఉన్న పెద్ద డబ్బాకి కూడా అదే సెలెక్టర్ సరిపోతే దాన్ని పట్టుకొస్తుంది. మీ పేజీలో అలాంటి అవకాశం ఉంటే, దొరికిన ఎలిమెంట్ యూఎల్ లోపలిదేనా అని కంటైన్స్ మెథడ్‌తో ఒక్క లైన్‌లో సరిచూసుకోండి.

ఈ ఎస్‌వీజీ చిక్కుకి ఇంకో దారి కూడా చెబుతారు. సీఎస్‌ఎస్‌లో బొమ్మకి పాయింటర్ హైఫన్ ఈవెంట్స్‌ని నన్ అని ఇవ్వడం. పనిచేస్తుంది, కానీ రేపు ఇంకెవరో బటన్‌లో స్పాన్ చేరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. క్లోజెస్ట్‌కి ఆ బెంగ లేదు.

ఏ పని, ఏ వరుస?

బటన్ దొరికింది. అది ప్లస్సా, మైనస్సా, డిలీటా? క్లాసుల పేర్లు చూసి తేల్చకండి. క్లాసులు అందం కోసం ఉన్నవి, డిజైన్ మార్చినప్పుడు మారిపోతాయి. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ప్రతి బటన్‌కీ డేటా హైఫన్ యాక్షన్ అనే ఆట్రిబ్యూట్ పెట్టి, అందులో ఆ పని పేరు రాయండి. వరుసకి, అంటే ఎల్‌ఐకి, డేటా హైఫన్ ఐడీ పెట్టి పచ్చడి నంబర్ ఇవ్వండి. స్క్రిప్ట్‌లో బటన్ డాట్ డేటాసెట్ డాట్ యాక్షన్ అంటే పని తెలుస్తుంది. బటన్ డాట్ క్లోజెస్ట్‌తో ఎల్‌ఐని పట్టుకుని, దాని డేటాసెట్ డాట్ ఐడీ చదివితే ఏ పచ్చడో తెలుస్తుంది.

డేటాసెట్‌లోంచి వచ్చేదంతా స్ట్రింగే (అక్షరాల వరుసే), అంకెలా కనబడినా సరే. అక్కడ 1 ఉంటే దానికి 1 కలిపితే 2 రాదు, 11 వస్తుంది. లెక్కలోకి వాడే ముందు నంబర్ ఫంక్షన్‌లో పెట్టి మార్చుకోండి. అలాగే ఐడీలను మూడు ఈక్వల్ గుర్తులతో పోల్చేటప్పుడు ఒకవైపు స్ట్రింగ్, మరోవైపు అంకె ఉంటే ఎప్పటికీ సరిపోవు. ఏ ఎర్రరూ రాకుండా డిలీట్ పనిచేయడం లేదంటే మొదట ఇదే చూడండి.

ఇప్పుడు లిజనర్ మొత్తం ఇలా ఉంటుంది: క్లోజెస్ట్‌తో డేటా యాక్షన్ ఉన్న బటన్‌ని వెతకడం, లేకపోతే రిటర్న్, ఉంటే వరుసని పట్టుకోవడం, యాక్షన్‌ని బట్టి పెంచడమో తగ్గించడమో తీసేయడమో. రేపు ‘తర్వాత కొంటాను’ అనే కొత్త బటన్ కావాలంటే హెచ్‌టీఎమ్‌ఎల్‌లో బటన్, స్క్రిప్ట్‌లో ఇంకో ఇఫ్. కొత్త లిజనర్ అక్కర్లేదు.

వరుసలో ఎక్కడ నొక్కినా పచ్చడి వివరాలు తెరుచుకోవాలి, డిలీట్ నొక్కితే మాత్రం డిలీటే జరగాలి అనుకోండి. ఇదే ఫంక్షన్‌లో ముందు బటన్ కోసం వెతకండి, దొరికితే దాని పని చేసి రిటర్న్ అవ్వండి. దొరక్కపోతేనే వరుస కోసం వెతికి వివరాలు తెరవండి.

ఆపడంలో రెండు రకాలు

ప్రివెంట్ డీఫాల్ట్ అనేది బ్రౌజర్ తన అలవాటు ప్రకారం చేసే పనిని ఆపుతుంది. లింక్ నొక్కితే వేరే పేజీకి పోవడం, చెక్‌బాక్స్‌లో టిక్ పడటం లాంటివి. స్టాప్ ప్రొపగేషన్ ఈవెంట్ పైకి పాకడాన్ని ఆపుతుంది. రెండింటికీ సంబంధం లేదు. ఒకటి వాడినంత మాత్రాన రెండోది కూడా జరిగిపోదు.

ఫారమ్ లోపల పెట్టిన బటన్‌కి టైప్ చెప్పకపోతే అది సబ్మిట్ బటనే. ప్లస్ నొక్కగానే పేజీ మొత్తం రీలోడ్ అయిపోతోందంటే కారణం ఇదే. దానికి ప్రివెంట్ డీఫాల్ట్ వెతుక్కోనక్కర్లేదు, ట్యాగ్‌లో టైప్ ఈక్వల్ బటన్ అని రాస్తే చాలు.

స్టాప్ ప్రొపగేషన్‌ని మాత్రం వీలైనంత దూరంగా ఉంచమని గట్టిగా చెబుతాను. ‘నా క్లిక్ పైకి పోకూడదు’ అనుకుని మీరు ఆపేస్తే, పైన ఇంకెవరో పెట్టుకున్న లిజనర్లకి ఆ క్లిక్ అందదు. బయట ఎక్కడైనా నొక్కితే మూసుకోవాల్సిన డ్రాప్‌డౌన్ మెనూ దీనికి మంచి ఉదాహరణ. డాక్యుమెంట్‌కి ఒక క్లిక్ లిజనర్ పెట్టి, నొక్కిన చోటు మెనూ లోపలిదా అని కంటైన్స్‌తో చూసి, కాకపోతే మూస్తాం. పేజీలో ఇంకోచోట ఎవరో స్టాప్ ప్రొపగేషన్ పెడితే, అక్కడ నొక్కినప్పుడు మన మెనూ మూసుకోదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఈ మెనూ ఉదాహరణలోనే ఇంకో సూక్ష్మం ఉంది. మెనూలో ఒక అంశం పక్కన ఇంటూ గుర్తు ఉంది, నొక్కితే ఆ అంశం పోవాలి, మెనూ తెరిచే ఉండాలి. కానీ మెనూ మూసుకుపోతోంది. ఎందుకంటే మెనూ లిజనర్ ముందు నడిచి ఆ అంశాన్ని పేజీలోంచి తీసేసింది. క్లిక్ డాక్యుమెంట్ దాకా చేరేసరికి నొక్కిన ఎలిమెంట్ మెనూలో లేదు. కంటైన్స్ ఫాల్స్ అంటుంది, బయట నొక్కారని అనుకుని మెనూ మూస్తాం. ఇలాంటిచోట ఈవెంట్ డాట్ కంపోజ్డ్ పాత్ అని పిలిచి, అది ఇచ్చే జాబితాలో మెనూ ఉందా అని ఇంక్లూడ్స్‌తో చూడండి. ఈ దారి క్లిక్ బయలుదేరినప్పుడే ఖాయమవుతుంది, మధ్యలో ఎలిమెంట్ తీసేసినా మారదు.

బటన్ బటన్‌లాగే ఉండాలి

డివ్‌కి క్లిక్ లిజనర్ పెట్టి బటన్‌లా రంగులు వేయడం సులువే. కానీ మౌస్ వాడలేనివాళ్లు ట్యాబ్ కీతో అక్కడికి చేరలేరు, చేరినా ఎంటర్ నొక్కితే క్లిక్ పుట్టదు, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. అసలు బటన్ ట్యాగ్ వాడితే ఎంటర్, స్పేస్ రెండూ క్లిక్‌గా మారతాయి, మీరు ఒక్క లైన్ కూడా అదనంగా రాయక్కర్లేదు. బొమ్మ మాత్రమే ఉన్న బటన్‌కి ఆరియా హైఫన్ లేబుల్ అనే ఆట్రిబ్యూట్‌లో ‘ఆవకాయ తీసేయి’ అని రాయండి. చూపులేనివాళ్లకి చెత్తబుట్ట బొమ్మ కనబడదు కదా.

ఫోన్‌లో త్వరగా స్పందిస్తుందని క్లిక్‌కి బదులు టచ్ స్టార్ట్ వాడమని పాత సలహా ఒకటుంది. రెండుసార్లు తట్టి జూమ్ చేస్తారేమోనని మొబైల్ బ్రౌజర్లు 300 మిల్లీసెకన్లు ఆగే రోజుల్లోది అది. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో విడ్త్‌ని డివైస్ విడ్త్‌గా ఇచ్చిన పేజీలకు క్రోమ్ 2014లోనే ఆ ఆలస్యం తీసేసింది. పైగా టచ్ స్టార్ట్ వేలు ఆనగానే నడుస్తుంది. పేజీ స్క్రోల్ చేద్దామని వేలు ఆనించిన పాపానికి మాగాయ డిలీట్ అయిపోతుంది.

డబ్బు కట్టే బటన్ విషయంలో మరో మాట. నెట్ నెమ్మదిగా ఉంటే జనం రెండోసారి, మూడోసారి నొక్కుతారు. మొదటి క్లిక్ అందగానే బటన్‌కి డిజేబుల్డ్ ట్రూ పెట్టండి. సర్వర్ జవాబు వచ్చాక, తప్పు జరిగినా సరే, మళ్లీ ఫాల్స్ చేయండి. ఫైనల్లీ బ్లాక్‌లో రాస్తే మరిచిపోరు. డిజేబుల్ చేసిన బటన్ మీద నొక్కితే దాని క్లిక్ లిజనర్ నడవదు. అయితే అదే ఆర్డర్ రెండుసార్లు వస్తే పట్టుకునే ఏర్పాటు సర్వర్‌లో కూడా ఉండాల్సిందే.

లిజనర్‌ని తీసేయడం

ఒక్కసారే నడవాల్సిన లిజనర్ అయితే మూడో ఆర్గ్యుమెంట్‌గా వన్స్ ట్రూ ఉన్న ఆబ్జెక్ట్ ఇవ్వండి, నడిచాక దానంతట అదే పోతుంది. మనం తీసేయాలంటే రిమూవ్ ఈవెంట్ లిజనర్. దీనికి తగిలించినప్పుడు ఇచ్చిన అదే ఫంక్షన్ ఇవ్వాలి. అక్షరం అక్షరం అలాగే ఉన్న ఇంకో యారో ఫంక్షన్ రాసిస్తే తీయదు, బ్రౌజర్‌కి అది వేరే ఫంక్షన్.

చాలా లిజనర్లు ఒకేసారి తీసేయాల్సివస్తే, పాపప్ మూసేటప్పుడు ఇది తరచూ కావాలి, అబార్ట్ కంట్రోలర్ ఒకటి తయారు చేసి దాని సిగ్నల్‌ని ప్రతి లిజనర్‌కీ మూడో ఆర్గ్యుమెంట్‌లో ఇవ్వండి. అబార్ట్ అని ఒక్కసారి పిలిస్తే అన్నీ పోతాయి. ఇప్పటి బ్రౌజర్లన్నిటిలో ఇది పనిచేస్తుంది.

పనిచేయనప్పుడు ఎక్కడ చూడాలి?

క్రోమ్‌లో ఆ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. ఎలిమెంట్స్ ప్యానెల్‌లో పక్కనే ఈవెంట్ లిజనర్స్ అనే ట్యాబ్ ఉంటుంది. క్లిక్ కింద ఏ ఎలిమెంట్‌కి ఏ ఫైల్‌లో ఏ లైన్ నుంచి లిజనర్ తగిలిందో కనబడుతుంది. యాన్సెస్టర్స్ అనే టిక్ పెడితే పైనున్న ఎలిమెంట్లవి కూడా చూపిస్తుంది. డెలిగేషన్ వాడినప్పుడు మనకు కావలసింది ఆ టిక్కే. జాబితాలో ఒకే లైన్ రెండుసార్లు కనిపిస్తే లిజనర్ రెండుసార్లు తగిలినట్టు. ఏమీ లేకపోతే తగిలించే కోడ్ నడవనేలేదు.

లిజనర్ ఉంది, అయినా నడవడం లేదంటే బటన్ మీద కనబడని పొర ఏదైనా పరుచుకుని ఉందేమో చూడాలి. మూసిన పాపప్ వెనకాల పారదర్శకంగా మిగిలిపోయిన డివ్‌లు ఈ పని చేస్తుంటాయి. ఇన్‌స్పెక్ట్ చేసినప్పుడు బటన్ కాకుండా వేరే ఎలిమెంట్ ఎంపికైతే దొంగ దొరికినట్టే.

కన్సోల్‌లో ఈవెంట్‌ని మొత్తంగా ప్రింట్ చేసి, తర్వాత విప్పి చూస్తే కరెంట్ టార్గెట్ నల్ అని ఉంటుంది. కంగారు పడకండి. లిజనర్ నడుస్తున్నంతసేపే దానికి విలువ ఉంటుంది, మీరు విప్పేసరికి పని అయిపోయింది. జవాబు వచ్చేదాకా ఆగే అవెయిట్ తర్వాత లైన్లలోనూ ఇదే జరుగుతుంది, కాబట్టి సర్వర్‌ని పిలిచే ముందే బటన్‌నీ వరుసనీ వేరియబుల్స్‌లో పెట్టేసుకోండి.

ఇవన్నీ అయ్యాక మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ కీలతోనే గోంగూర కలిపి, రెండుకు పెంచి, తీసేసి చూడండి. తర్వాత ఫోన్‌లో తెరిచి, చెత్తబుట్ట బొమ్మ మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి.